మేడమీది రెండు వాటాలు

తెల్లవారుజామున ఐదు గంటలకు, వీధిదీపములు ఇంకను ఆరకమునుపే, లుంగీ పైకి మడచి, చేతిలో సెల్‌ఫోను దీపము పట్టుకొని, ఇంటిముందరి సంపు ఇనుపమూత యెత్తి లోనికి తొంగిచూచుచున్న మనుష్యుడు మీకెక్కడనైన కనబడినచో, అతడు దొంగ కాడనియు, చిన్నపాటి ఇంటి ఓనరనియు నిశ్చయముగా గ్రహింపవచ్చును. నేనట్టివాడను. మల్కాజిగిరిలో క్రింద మేము, మేడమీద రెండు వాటాలు, వాటిపైన నీళ్ళ ట్యాంకు, ట్యాంకునకును సంపునకును నడుమ ఒక మోటారు, ఆ మోటారునకును నాకును నడుమ పందొమ్మిది సంవత్సరముల అనుబంధము. "అంకుల్, నీళ్ళు రావట్లేదు" అను మాట మెట్లమీదినుండి వినబడకమునుపే నీటిమట్టము చూచుకొనుట ఈ వృత్తిలో మొదటి పాఠము. దీనిని వృత్తి యని ఒప్పుకొనుట రెండవది. అద్దె రాబడిని కాలుమీద కాలు వేసికొని తినెడి రాబడి యని వర్ణించువారు సామాన్యముగా అద్దె చెల్లించినవారే కాని పుచ్చుకొన్నవారు కారు.

చిన్న యజమాని యనగా ఎవరు? పదవీవిరమణనాడు చేతికందిన ప్రావిడెంటు ఫండుతో పై అంతస్తు లేపుకొన్న గుమాస్తా; భర్త గతించిన పిమ్మట ముందరి గది అద్దెతో మందులును గ్యాసుబండయు గడుపుకొనుచున్న యిల్లాలు; నల్లగండ్లలో ఒక ఫ్లాటు చాలక, పన్ను కలిసివచ్చునని ఎవరో చెప్పగా విని, రెండవదానిని బ్యాంకు అప్పుమీద కొనిన సాఫ్టువేరు దంపతులు; డాలసులో నుండి నిజాంపేటలోని తన ఫ్లాటు తాళపుచెవులను మేనమామ చేతిలో పెట్టి, నెలకొకమారు వాట్సాపులో యోగక్షేమములు విచారించు కుమారరత్నము. ఈ నగరమున సగముమంది "అద్దె" యందురు, సగముమంది "కిరాయి" యందురు. కోస్తా నుండి వచ్చిన ఓనరు అద్దె అడుగును, పాలమూరు నుండి వచ్చిన కుటుంబము కిరాయి ఇచ్చును. మొదటి తారీఖున రెండును ఒక్కటే. వాటా యను మాటను మాత్రము నావంటి వృద్ధులు తప్ప అందరును విడిచిపెట్టి "పోర్షను" అనుచున్నారు.

ముందు లెక్క చూతము. లెక్క చూడక ఇల్లు కొనువారి సంఖ్య, జాతకము చూడక పెండ్లి చేయువారి సంఖ్యకన్న మిక్కిలి అధికము. ఎనుబది లక్షల ఫ్లాటు ఒకటి యున్నదనుకొందము. దానికి నెలకు 24,000 అద్దె వచ్చుచున్నదనుకొందము. ఏటికి 2,88,000, వినుటకు ఇంపుగానే యున్నది. కాని రెండేండ్లకొకమారు ఒక నెల ఖాళీగా నుండిన యెడల ఏటికి 12,000 తరుగు. ఇంటిపన్ను 6,000 అనుకొనుడు. రంగులు, కుళాయిలు, గీజరు, చెదపురుగు మందు, వీటికి సగటున 20,000. బ్రోకరునకు ఇచ్చునది ఏటికి పరచినచో మరియొక 6,000. మిగిలినది 2,44,000. ఎనుబది లక్షలమీద నూటికి మూడు రూపాయలకు ఇంచుక పైన. ఇదే ఫ్లాటును అరువది లక్షలు అప్పు చేసి, ఎనిమిదిన్నర శాతము వడ్డీకి, ఇరువదియేండ్ల గడువుకు కొనినవాని నెలవాయిదా 52 వేల పైచిలుకు. మొదటి నెలలో వడ్డీయే 42,500. అద్దె వడ్డీకైనను చాలదు. నేల విలువ పెరుగునన్న ఆశమీద కొనుట వేరు, అద్దెమీద బ్రతుకుదమని కొనుట వేరు. ఈ రెంటిని కలిపి తన్ను తాను మభ్యపెట్టుకొనువాడు, వాయిదా తప్పిన నెలలో అద్దెకున్నవానిమీద అకారణముగా మండిపడును.

ఈ లెక్కలో మీ కన్ను నిలువవలసిన పంక్తి ఇంటిపన్ను కాదు, ఖాళీ నెల. చిన్న యజమానికి శత్రువు అద్దెకున్నవాడని లోకమున ఒక ప్రతీతి కలదు; నా అనుభవమున శత్రువు తాళము వేసిన తలుపు. ఈ జ్ఞానము నాకు ఊరక రాలేదు. మేడమీది తూర్పు వాటాలో రైల్వే ఉద్యోగి యొకడు, భార్య, ఇద్దరు పిల్లలు, ఆరేండ్లు కాపురముండిరి. అయిదవ తారీఖు దాటక అద్దె అందుచుండెను. ఆ యిల్లాలు మా పెరటి కరివేపాకు చెట్టునకు నాకంటె ఎక్కువగా నీళ్ళు పోసెడిది. అద్దె 14,000. ఎదురింటివారు పదిహేనున్నరకు ఇచ్చిరని విన్నంతనే నాలోని వర్తకుడు మేల్కొనెను. ఒక్కసారిగా 1,500 పెంచితిని. అతడు వాదింపలేదు, "సరే సార్, చూస్తాం" అనెను. చూతుమనుటకు మరియొక యిల్లు చూతుమని అర్థమని నాకు నెల తిరిగినపిమ్మట బోధపడెను. జ్యేష్ఠము చివర వారు ఖాళీ చేసిరి. వెంటనే ఆషాఢము.

ఆషాఢమున మనవారు ఇల్లు మారరన్న సంగతి ఏ పెట్టుబడి గ్రంథమునందును వ్రాయబడియుండదు. సొంతయింటి గృహప్రవేశమునకే కాదు, అద్దెయింట పాలు పొంగించుటకును తిథివారనక్షత్రములు చూచు సమాజమిది. ఆషాఢము, భాద్రపదము, పుష్యము, ఈ శూన్యమాసములలో టులెట్టు బోర్డు ఎండకు ఎండి వానకు తడియుటకు తప్ప మరి దేనికిని పనికిరాదు. శ్రావణము వచ్చిన తరువాతనైనను ఒకరికి తూర్పు గుమ్మము గిట్టదు, మరియొకరికి వంటగది ఆగ్నేయమున లేదు. అద్దెకు వచ్చువాడును వాస్తు చూచుననుటకు మా మెట్లే సాక్షి. తుదకు రెండున్నర నెలలకు ఇల్లు నిండెను. పోయిన అద్దె 35,000, రంగులకు 18,000, బ్రోకరునకు 7,000, మొత్తము 60,000. నెలకు 1,500 చొప్పున అది తిరిగి వచ్చుటకు నలువది నెలలు కావలెను. క్రొత్తగా వచ్చినవారు పదకొండవ నెలలో బెంగుళూరు బదిలీ యని వెడలిపోయిరి. ఆనాటినుండి నేను అద్దె పెంచుట మానలేదు కాని, ఏటికి నూటికి అయిదు చొప్పున, మొదటనే కాగితములో వ్రాసికొని పెంచుచున్నాను. ఒప్పందము ముగియు తేదీ చైత్రవైశాఖములలో, అనగా పిల్లల పరీక్షలు ముగిసి బడులు తెరువకముందు పడునట్లు చూచుకొనుచున్నాను. జనము ఇండ్లు వెదకు కాలమున ఇల్లు ఖాళీయగుటకును, వెదకని కాలమున ఖాళీయగుటకును గల భేదము రెండు నెలల అద్దె.

ఇక ఎవరికి ఇవ్వవలెను? "ఫ్యామిలీస్‌కు మాత్రమే", "వెజిటేరియన్లకు మాత్రమే" అని బోర్డుమీద ఎఱ్ఱసిరాతో వ్రాయువారిని చూచినపుడు నాకు నవ్వును రోతయు ఒక్కమారే కలుగును. కులము పేరు సూటిగా అడుగుటకు మొగము చెల్లక, కూర పేరున అడుగుచున్నామని అందరికిని తెలియును. వంటింట ఏమి ఉడుకుచున్నదో తెలిసినంతమాత్రమున ఒకటవ తారీఖున అద్దె వచ్చునో రాదో తెలియదు. మా పడమటి వాటాలో ముగ్గురు బ్రహ్మచారులు నాలుగేండ్లు ఉండిరి. వారిని గూర్చి నాకు గల ఫిర్యాదు ఒక్కటే, చెత్తబుట్ట బయట పెట్టుట మరచెడివారు. అడుగవలసిన ప్రశ్నలు వేరు: పని యెక్కడ, ఇంతకుముందు ఉన్న యింట ఎంతకాలము ఉంటిరి, ఏల విడుచుచున్నారు. ఇందొక చిన్న సూక్ష్మము కలదు. ఇప్పుడున్న యింటి ఓనరును విచారించినచో ప్రయోజనము తక్కువ. పీడ వదలిన చాలునని అతడు మెచ్చుకొనవచ్చును, మంచివాడు పోవుచున్నాడన్న ఉక్రోషమున తిట్టవచ్చును. దానికి ముందటి ఓనరుతో రెండు నిమిషములు ఫోనులో మాట్లాడుడు. అతనికి అబద్ధమాడవలసిన అవసరము లేదు. ఆధారు నకలు తీసికొనుట, ఆఫీసు గుర్తింపుకార్డు చూచుట, పోలీసుస్టేషనులో వివరములు ఇచ్చుట, వీనిని అనుమానముగా గాక మర్యాదగా చేయవచ్చును; నా ఆస్తి కాగితముల నకలు, ఇంటిపన్ను రసీదు నేనే ముందు చూపుదును. దొంగ ఓనర్ల చేతిలో అడ్వాన్సు పోగొట్టుకొన్నవారున్న ఈ కాలమున అది వారికిని ఊరట.

కాగితము సంగతికి వచ్చితిమి గనుక ఇచట కొంచెము నిలువవలెను. ఏలయనగా ఈ విషయమున మనవారిలో వ్యాపించియున్నంత అపోహ మరి దేనియందును లేదు. వంద రూపాయల స్టాంపు కాగితముమీద పదకొండు నెలలకు వ్రాసికొనినచో రిజిస్ట్రేషను అక్కరలేదని వీధిచివరి డాక్యుమెంటు రైటరు మొదలు వియ్యంకునివరకు అందరును చెప్పుదురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడాదికి మించిన కౌలునకే రిజిస్ట్రేషను విధియైయుండుటచేత పుట్టిన ఆచారమది. దేశమున ఇతర ప్రాంతములు పెక్కింట నేటికిని అది చెల్లును. కాని మన ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 1999లో ఆ నిబంధనను సవరించి, కాలపరిమితితో నిమిత్తము లేకుండ స్థిరాస్తి కౌళ్ళనన్నిటిని రిజిస్ట్రేషను పరిధిలోనికి తెచ్చెను. అనగా పదకొండు నెలల మంత్రము కృష్ణాగోదావరీ తీరములందు ఫలింపదు. రిజిస్టరు కాని కాగితమును కోర్టుకు తీసికొనిపోయినచో అందలి షరతులకు అది సాక్ష్యము కాజాలదు. అతడు మీ యింట అద్దెకున్నాడను మాట వంటి పైపై విషయములకే అక్కరకు వచ్చును. చిన్న వాటాలకు అందరును రిజిస్ట్రేషను చేయించుచున్నారని నేననను. నేనును వెనుక చేయింపలేదు. కాని పెద్ద అద్దెకు, దుకాణమునకు, మూడేండ్ల గడువునకు ఇచ్చుచు ఆ ఖర్చునకు వెనుదీయుట, గొడుగు కొని వానలో చంకన పెట్టుకొని నడచుటవంటిది.

రెండవ అపోహ పన్నెండేండ్లది. "పన్నెండేండ్లుంటే ఇల్లు వాడిదే" అను భయముచేత మంచి కుటుంబమును పదకొండవ యేట ఖాళీ చేయించిన పెద్దమనిషిని నేనెరుగుదును. పన్నెండేండ్ల గడువు లిమిటేషను చట్టమున కలదు, నిజమే. అది యజమాని హక్కును ధిక్కరించి బాహాటముగా ఆక్రమించుకొన్నవానికి. మీ యనుమతితో లోనికి వచ్చి, నెలనెలా మీకు అద్దె చెల్లించుచున్నవాడు అట్టివాడు కాడు. అద్దె రసీదొక్కటి చేతనున్నంతవరకు నిర్భయముగా నిద్రింపవచ్చును. భయపడవలసినది వేరొక గడువునకు: బాకీపడిన అద్దెకు దావా వేయుటకు మూడేండ్లే మీకు అవకాశము. మొగమాటమునకు నాలుగేండ్లు ఊరకున్నవాడు మొదటి యేటి బాకీని నీళ్ళకు వదలుకొన్నట్లే.

మూడవది ఖాళీ చేయించుట. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమును గూర్చి మన తండ్రుల తరమువారు వణకిపోయెడివారు. తెలంగాణలో అది నేటికిని ఉన్నది కాని, 2005 సవరణతో కార్పొరేషను పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె గల భవనములు దాని వెలుపలికి వచ్చినవి. నేటి హైదరాబాదులో ఆ అద్దెకు కారు నిలుపు చోటు దొరకుటయే కష్టము. కావున మీ తగవు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము క్రింద సివిలు కోర్టునకు పోవును: వేరొక షరతు లేనియెడల నెలవారీ అద్దెకు పదిహేను దినముల నోటీసు, ఆపైన దావా, ఆపైన వాయిదాలు. కేంద్రప్రభుత్వము 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసమునకు రెండు నెలలు, తక్కినవానికి ఆరు నెలలు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదనుచున్నది. దానిని స్వీకరించుట రాష్ట్రముల ఇష్టము. ఏ చట్టమైనను, కోపము వచ్చినదని నీళ్ళు ఆపుటకు, కరెంటు ఫ్యూజు పీకుటకు, బయట తాళము వేయుటకు ఓనరునకు అధికారమీయదు. అట్లు చేసినవాడు అప్పటివరకు ఎంత న్యాయముగా నున్నను, ఆ క్షణమున ముద్దాయి యగును.

చట్టమును గూర్చి ఇంత వ్రాసియు, పందొమ్మిదేండ్లలో నేను కోర్టు గడప తొక్కలేదనిన మీరు నవ్వవచ్చును. తగవులన్నియు తాళపుచెవి ఇచ్చు దినముననే పుట్టుననియు, ఆనాడు ఒక గంట కూర్చుండిన చాలవరకు పుట్టకయే పోవుననియు నాకు తెలిపినది ఒక స్నానాలగది. పడమటి వాటా బాత్రూము క్రిందనే మా పూజగది యున్నది. ఒక శ్రావణమున పూజగది కప్పుమీద అరచేయంత తేమమచ్చ కనబడెను. వారములో అది భారతదేశపటమంతయై, సున్నము పెచ్చులు దేవుని పటముమీద రాలసాగెను. మీదివారు నీళ్ళు ఎక్కువ వాడుచున్నారని నేను, మీ పైపు పగిలినదని వారు. ప్లంబరు వచ్చి, బకెట్టుతో నీళ్ళు పోసి, గచ్చుమీద మోకరిల్లి, టైల్సు నడుమ తెల్లసిమెంటు లేచిపోయిన గీతను గోటితో గీరి చూపెను. నీరు నిలుచు జాలీచుట్టును సందు ఏర్పడి యున్నది. అతడు ఆ సందులలోని మురికి గీకి, క్రొత్త సిమెంటు పట్టించి, రెండు దినములు వాడవద్దనెను. అయిన ఖర్చు రెండువేల లోపు. నెలముందు చూచుకొనియుండిన పూజగదికి మరల రంగు వేయించు పని తప్పియుండెడిది. మాటలు అనుకొనుటయు తప్పియుండెడిది.

అప్పటినుండి ఎవరు చేరినను, సామాను దిగకముందే, వారును నేనును ఖాళీ యిల్లంతయు కలిసి తిరుగుదుము. ఒక్కొక్క కుళాయి విప్పి చూతుము. గీజరు వేసి ఎఱ్ఱదీపము ఆరువరకు నిలుతుము. ఫ్యానులెన్ని, ట్యూబులైట్లెన్ని, అలమరల తాళములెన్ని, కిటికీ అద్దములలో బీట యున్నదేది, గోడకు మేకులు ఎన్ని యున్నవి, అంతయు ఫోనులో ఫోటో తీసి, ఆ ఫోటోలను అక్కడనే వారి నంబరునకు పంపుదును. కరెంటు మీటరులోని అంకెకు వేరుగా ఒక ఫోటో. ఏడాదికి వందరూపాయల లోపు మరమ్మతు వారిది, పైపులు, వైరింగు, మోటారు నావి అని కాగితముమీద వ్రాసుకొందుము. వెడలునపుడు రంగులకు ఎంత పట్టుకొందునో ముందే అంకెతో వ్రాయుదును. "ఒక నెల అద్దె రంగులకు" అని ఆచారముగా పట్టుకొను ఓనర్లు రెండు నెలలు కాపురమున్నవానియొద్దను అయిదేండ్లు ఉన్నవానియొద్దను ఒక్కటే పట్టుకొందురు. గోడ అట్లు మాయదు కదా.

నీళ్ళ మాట క్లుప్తముగా. హైదరాబాదులో గృహములకు నెలకు ఇరువదివేల లీటర్ల మంచినీరు ఉచితముగా నిచ్చు పథకము 2021 నుండి నడచుచున్నది. అది పొందుటకు పనిచేయు మీటరు ఉండవలెను, దానిని పెట్టించు పని ఓనరుది. వేసవిలో ట్యాంకరు తెప్పించినచో ఖర్చు ఎట్లు పంచుకొనవలెనో చేరునాడే చెప్పుడు; మే నెల మిట్టమధ్యాహ్నము సంపు పొడిగా నున్నపుడు మొదలుపెట్టిన చర్చ ఏ యింటను సామరస్యముగా ముగియదు. కరెంటునకు వాటాకొక మీటరు. ఒక మీటరును ముగ్గురు పంచుకొనునట్టి ఇంట స్నేహము వేసవివరకే.

పన్ను సంగతి అంతకన్న సులభము, భయపడువారికే కష్టము. వచ్చిన అద్దెలో మీరు కట్టిన ఇంటిపన్ను తీసివేసి, మిగిలినదానిలో నూటికి ముప్పది, మీరు మరమ్మతు చేయించినను చేయింపకపోయినను, ఆదాయపుపన్నువారు మినహాయింతురు. బ్యాంకు అప్పు వడ్డీ అటుపైన. నెలకు 50,000 మించిన అద్దె ఇచ్చువాడు నూటికి రెండు పట్టుకొని ప్రభుత్వమునకు కట్టవలెను. ఓనరు విదేశమున నివసించువాడైనచో కథ మారును: అద్దె ఎంత చిన్నదైనను, ఇచ్చువాడే నూటికి ముప్పదికి పైన పట్టి కట్టవలసియుండును. డాలసు కుమారరత్నములును, వారి ఫ్లాటులలో కాపురమున్న అమాయకులును ఈ నిబంధనను సామాన్యముగా నోటీసు వచ్చిన నాడే చదువుకొందురు.

ఖాళీ చేయు దినమున అడ్వాన్సు సంగతి. "బిల్లులన్నీ చూసుకుని పది రోజుల్లో వేస్తాను" అను మాట నేనును వెనుక అనియున్నాను. ఆ పది దినములలో వారు క్రొత్త యింటికి మరియొక అడ్వాన్సు అప్పు తెచ్చి కట్టుదురని తోచిన తరువాత మానితిని. ఇప్పుడు సామాను లారీకెక్కుచుండగనే చేరునాటి ఫోటోలు తెరచి, ఇరువురము మరల ఇల్లు తిరిగి, మీటరు అంకె చూచి, లెక్క అక్కడనే కట్టి, వారు గేటు దాటకముందే ఫోనులో పంపివేయుదును. ఈ యేడు తూర్పు వాటాలో వచ్చినది నర్సుగా పనిచేయు అమ్మాయి, ఆమె తల్లి. టులెట్టు బోర్డు కట్టకయే వచ్చిరి, క్రిందటి సారి ఖాళీ చేసినవారు పంపగా.

రైల్వే ఉద్యోగి కుటుంబము దూరమేమియు పోలేదు. వెనుకవీధిలోనే, 14,500కు, ఇప్పటికిని అక్కడనే ఉన్నారు. ఆ యిల్లాలు వారమునకొకమారు మా గేటు తీసికొని లోనికి వచ్చి, నన్ను పలుకరించి, చెట్టుమొదట ఒక బిందె నీళ్ళు పోసి, కరివేపాకు రెండు రెబ్బలు తుంచుకొని పోవును. అద్దె మాత్రము ఆ వెనుకవీధివాడు పుచ్చుకొనుచున్నాడు.